కొన్నవాడి చేతికే సంకెళ్లా? డిజిటల్ తాళాలపై చర్చ

మహేంద్రతనయ (కాశీనగరం, గజపతి జిల్లా):

అందరికీ నమస్కారం. నేను పర్లాకిమిడిలో డిగ్రీ పూర్తి చేసి, కాశీనగరం దగ్గర మా ఊళ్లోనే ఉండి రైల్వే ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్నాను. ఆ పరీక్షలను తెలుగులో కూడా రాయనిస్తారు కాబట్టి, ఇంట్లోనూ చిన్న తరగతుల్లోనూ తెలుగే చదువుకున్న మావంటివాళ్లు ఆ భాషనే ఎంచుకుంటారు. కాని తెలుగులో శిక్షణ ఇచ్చేవారు ఈ చుట్టుపక్కల దొరకరు. అందుకని నిరుడు శ్రావణమాసంలో ఒక శిక్షణ సంస్థకు 7,500 రూపాయలు కట్టి పెన్ డ్రైవ్ కోర్సు తెప్పించుకున్నాను. మా ఊళ్లో ఫోను సిగ్నల్ డాబా ఎక్కితే గాని అందదు. ఇంటర్నెట్ అక్కరలేదన్న ఒక్క కారణంతోనే పెన్ డ్రైవ్ తీసుకున్నాను.

తీరా వచ్చాక తెలిసిందేమిటంటే, పదిహేను రోజులకొకసారి ల్యాప్‌టాప్‌ను నెట్‌కు కలిపి నేను నేనేనని నిరూపించుకోవాలి. ఒక్కో పాఠాన్ని రెండుసార్లకు మించి చూడకూడదు. అర్థం కాక వెనక్కి జరిపి చూసినా ఆ నిమిషాలు లెక్కలోకి వస్తాయి. పాఠం నడుస్తున్నంతసేపూ నా ఫోన్ నంబరు తెర మీద తేలుతూ ఉంటుంది, అదీ సరిగ్గా మాస్టారు బోర్డు మీద భిన్నాలు వేస్తున్నచోటికి వచ్చి ఆగుతుంది. వీటన్నిటినీ భరించాను. ఫాల్గుణంలో ఒక రాత్రి కరెంటు ఎక్కువతక్కువలై మదర్‌బోర్డు కాలిపోయింది. కొత్త బోర్డు వేయించుకున్న తరువాత ఆ ప్రోగ్రాము ఇది వేరే కంప్యూటరు అని తేల్చేసింది. సంస్థకు ఫోన్ చేస్తే, ఒక్క కంప్యూటరుకే అనుమతి అని షరతుల్లో రాశామని, కావలిస్తే సగం ధరకు మళ్లీ కొనుక్కోమని చెప్పారు. పెన్ డ్రైవ్ నా చేతిలోనే ఉంది, పాఠాలు అందులోనే ఉన్నాయి, తెరవడానికి మాత్రం నాకు అధికారం లేదు.

ఇది ఇలా ఉండగా, పర్లాకిమిడి హాస్టల్లో ఉన్న నా స్నేహితుడు అవే పాఠాలు తన ఫోనులో చూపించాడు. ఏదో గుంపులో ఉచితంగా వచ్చాయట. వాటిలో తేలే నంబరు లేదు, గడువు లేదు, ఎన్నిసార్లయినా చూడవచ్చు, వేగం పెంచుకోవచ్చు. దొంగతనం మంచిదని నేను అనడం లేదు, ఆ చర్చ కోసం ఇది రాయలేదు. నా ప్రశ్న ఒక్కటే: ఈ తాళం ఎవరిని ఆపడానికి వేసినట్టు?

పాఠాల పంతులు (జయపురం, కొరాపుట్ జిల్లా):

మీకు జరిగినది అన్యాయమే. అయితే నేను గోడకు అవతలివైపు ఉన్నవాణ్ణి కాబట్టి అక్కడ నుంచి ఏమి కనబడుతుందో కూడా చెప్పాలి.

నేను అంకగణితం, రీజనింగ్ తెలుగులో చెబుతాను. మా ఇంటి వెనక గదిలో ప్రతిధ్వని రాకుండా గోడలకు పాత బొంతలు కొట్టి, వీధిలో బళ్లు తిరగని వేళ చూసుకుని, తెల్లవారుజామున రికార్డు చేస్తాను. మొదటి ఏడాది ఏ తాళమూ వేయలేదు. 31 మంది కొన్నారు, సంతోషించాను. రెండో ఏడాది నలుగురే కొన్నారు. నా చెప్పడం చెడిందేమో అనుకుంటూ ఉండగా ఒకరోజు ఒక కుర్రవాడు ఫోన్ చేసి, పద్దెనిమిదో పాఠంలో పడవలు-ప్రవాహాల లెక్క అర్థం కాలేదు మాస్టారూ అన్నాడు. విడమరిచి చెప్పాను. ఫోన్ పెట్టేశాక పుస్తకం తీసి చూస్తే ఆ పేరు కొన్నవాళ్లలో లేదు. మొదటి ఏడాది పుస్తకంలోనూ లేదు. ఆ అబ్బాయి మీద నాకు కోపం రాలేదు, అతనికి అది దొంగ సరుకని తెలిసినట్టు కూడా లేదు. కాని ఆ రోజు సాయంత్రం తాళాలు అమ్మే కంపెనీకి ఫోన్ చేశాను. ఒక్కో విద్యార్థికి ఇంతని నేను వాళ్లకు కట్టుకుంటాను, అది కూడా చివరకు మీవంటివారి ధరలోనే కలుస్తుంది.

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్న లోకంలో తాళం వేయడం తప్పంటే ఎలా? ఇంటికి తాళం వేసుకుని ఊరెళ్లినవాణ్ణి, వీధిలో అందరినీ దొంగలన్నావని ఎవరైనా నిలదీస్తారా? ఆరితేరినవాడిని నా తాళం ఆపదని నాకూ తెలుసు. పక్క గదివాడికి సరదాగా కాపీ చేసి ఇచ్చే మంచి పిల్లవాణ్ణి ఆపుతుంది, నా బతుకు ఆడేది అక్కడే.

నాగావళి గట్టు (రాయగడ):

పంతులు గారూ, మీ పద్దెనిమిదో పాఠం సంగతి చదివి బాధ కలిగింది గాని ఇంటి తాళంతో పోలిక మాత్రం కుదరలేదు. నా ఇంటికి నేను వేసుకున్న తాళంచెవి నా మొలతాడుకు ఉంటుంది. మీరు చెబుతున్నది ఇల్లు అమ్మి, డబ్బు పూర్తిగా పుచ్చుకుని, చెవి మాత్రం తన దగ్గరే అట్టిపెట్టుకుని, కొన్నవాడు గడప దాటినప్పుడల్లా తనను అడిగి వెళ్లమనడం.

నేను కొన్నేళ్లు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పనిచేసి వచ్చినవాణ్ణి కాబట్టి ఈ తాళం లోపలి సంగతి కాస్త తెలుసు. పాఠాన్నో పాటనో గూఢలిపిలోకి మార్చడం కష్టమేమీ కాదు, ఆ గూఢలిపి గట్టిదే. కాని చూసేవాడి యంత్రం దాన్ని విప్పి తెర మీద చూపాలంటే చెవిని కూడా ఆ యంత్రంలోనే ఎక్కడో ఉంచక తప్పదు. తాళమూ చెవీ రెండూ కొన్నవాడి ఇంట్లోనే ఉంటాయి, చెవి ఏ చూరులో దోపారో చెప్పరు, అంతే తేడా. లోకం మొత్తంలో ఒక్కడు ఆ చూరు వెతికి పట్టుకుంటే చాలు, వాడు విప్పిన కాపీ మిగిలిన అందరికీ అందుతుంది. డీవీడీలకు వేసిన తాళం 1999లోనే ఊడిపోయింది. అందులో చెయ్యి ఉన్న జాన్ లెక్ జొహాన్సెన్ అనే నార్వే కుర్రవాడిపై కేసు పెడితే, తాను కొన్న డీవీడీని తాను చూసుకోవడం నేరం కాదని 2003 జనవరిలో అక్కడి కోర్టు విడిచిపెట్టింది. తాళం ఊడిన తరువాత కూడా కంపెనీలు డీవీడీలకు తాళం వేస్తూనే వచ్చాయి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన డిస్కు మన ఇంటి ప్లేయరులో ఆడేది కాదని గుర్తున్నవాళ్లు ఉండే ఉంటారు. అమెరికాకు ఒకటో నంబరు ప్రాంతం, మనకు ఐదో నంబరు. దొంగ డిస్కుకు మాత్రం ప్రాంతభేదం ఉండేది కాదు.

2005లో జరిగినది ఇంకా విడ్డూరం. సోనీ బీఎంజీ సంస్థ తన పాటల సీడీల్లో కాపీ నిరోధం కోసం పెట్టిన ప్రోగ్రాము, సీడీని కంప్యూటరులో పెట్టగానే చెప్పాపెట్టకుండా లోపలికి దూరి, తాను ఉన్నట్టు యజమానికే కనబడకుండా దాక్కునేది. ఆ సంగతిని మార్క్ రుసినోవిచ్ అనే నిపుణుడు ఆ ఏడాది అక్టోబరు 31న బయటపెట్టాడు. అది దాక్కునే సందులోనే వైరస్‌లు కూడా దాక్కోవడం మొదలుపెట్టాయి, చివరకు సంస్థ ఆ సీడీలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఇందులో గమనించవలసినది ఒకటి ఉంది. ఆ పాటలను దొంగదారిన దించుకున్నవాడి కంప్యూటరుకు ఏమీ కాలేదు, దుకాణానికి వెళ్లి డబ్బిచ్చి కొన్నవాడి కంప్యూటరే చెడింది.

ఇక చెవి అవతలివాడి దగ్గర ఉండడంలో ఇంకో చిక్కు, ఆ అవతలివాడు దుకాణం కట్టేయడం. యాహూ తన పాటల దుకాణాన్ని 2008 సెప్టెంబరు 30న మూసినప్పుడు చెవులిచ్చే సర్వరు కూడా ఆగింది, కొన్నవాళ్లు కొత్త కంప్యూటరుకు మారితే ఆ పాటలు అక్కడికి వచ్చే దారి లేకపోయింది. మైక్రోసాఫ్ట్ 2019 జూలైలో తన ఈ-పుస్తకాల దుకాణం ఎత్తేస్తే, జనం కొన్న పుస్తకాలన్నీ తెరుచుకోవడం మానేశాయి. డబ్బు వాపసు ఇచ్చిందని ఒప్పుకోవాలి. అయినా నా బీరువాలో పుస్తకం తీసుకుపోయి డబ్బు బల్ల మీద పెట్టి వెళ్లడాన్ని అమ్మకం అనరు. 2009 జూలైలో అమెజాన్ సరిగ్గా అదే చేసింది. తన దుకాణంలో వాటిని పెట్టి అమ్మినవాడికి హక్కులు లేవని తెలిసి, జనం కిండిళ్లలోంచి (ఈ-పుస్తకాలు చదివే యంత్రాల్లోంచి) జార్జ్ ఆర్వెల్ పుస్తకాలను రాత్రికి రాత్రి చెరిపేసింది, గొడవ అయ్యాక దాని అధిపతి క్షమాపణ చెప్పాడు.

తాళం లేకపోతే అమ్మకాలు పోతాయన్న మాటకు జవాబు కూడా ఉంది. 2007 ఫిబ్రవరిలో ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ రాసిన బహిరంగ లేఖలో ఒక లెక్క చెప్పాడు: 2006లో తాళం వేసి ఆన్‌లైన్లో అమ్మిన పాటలు 200 కోట్ల లోపు, అదే ఏడాది ఏ తాళమూ లేకుండా సీడీల్లో ఆ కంపెనీలే అమ్మిన పాటలు 2,000 కోట్ల పైమాట. వాకిలి బార్లా తెరిచిపెట్టి కిటికీకి గొళ్లెం వేసినట్టు. 2009 కల్లా ఆపిల్ తన పాటలకు తాళం తీసేసింది, దుకాణం మూతపడలేదు.

పాత ప్రొజెక్టరు (రాయగడ):

ఇరవై ఏళ్లకు పైగా సినిమా హాల్లో ఆపరేటరుగా పనిచేశాను. తాళాల వల్ల బాధపడే కొనుగోలుదారు అంటే మీరంతా ఇంట్లో కూర్చున్నవాణ్ణే తలుచుకుంటున్నారు గాని, డబ్బు కట్టి సినిమా తెచ్చుకునే హాలు కూడా కొనుగోలుదారే.

రీళ్ల కాలంలో ప్రింటు బాక్సులు రైల్లో వచ్చేవి. బాక్సు చేతికి అందిందంటే ఇక ఆట ఆపగలవాడు భూమ్మీద ఎవడూ లేడు, కరెంటు పోయినా జనరేటరు ఉండేది. ఇప్పుడు సినిమా హార్డ్ డిస్కులో వచ్చినా ఉపగ్రహం నుంచి దిగినా అది మూసిన పెట్టె మాత్రమే. చెవి విడిగా ఈమెయిల్లో వస్తుంది, దాన్ని మేము కేడీఎం అంటాము. ఆ చెవి మా హాలు సర్వరుకు తప్ప పక్క హాలు సర్వరుకు పనికిరాదు, ఫలానా తేదీ ఫలానా గంటకు ముందు తెరుచుకోదు, గడువు దాటిన మరు నిమిషం నుంచి తెరుచుకోదు. ఒక సంక్రాంతికి, పండగకు రెండు రోజుల ముందు మా సర్వరు లోపలి బ్యాటరీ అయిపోయింది. ఆ బ్యాటరీ చచ్చిపోతే లోపల దాచిన రహస్యాలు కూడా వాటంతటవే చెరిగిపోతాయి, దొంగ ఎవడైనా విప్పి చూస్తాడేమోనని అలా తయారుచేశారు. వేరే సర్వరు తెచ్చి పెట్టాము. కాని చెవి పాత సర్వరు పేరున వచ్చింది. ఉదయం ఎనిమిదింటి ఆటకు హాలు నిండిపోయింది, తెర మీద ఏమీ లేదు. నేను క్యాబిన్‌లో ఒక చెవిలో ఫోను పెట్టుకుని కొత్త సర్వరు నంబరు ఒక్కొక్క అంకె చదువుతున్నాను, రెండో చెవిలో కింద నుంచి ఈలలు, కుర్చీలు విరుగుతున్న చప్పుడు. పదిన్నర దాటాక చెవి వచ్చింది. రెండున్నర గంటలు కూర్చున్నవాళ్లలో టిక్కెట్టు కొననివాడు ఒక్కడూ లేడు.

ఇంత అనుభవించి కూడా నేను ఆ తాళాన్ని పూర్తిగా తిట్టలేను. రీళ్ల కాలంలో మా వంటి ఊళ్లకు కొత్త సినిమా మూడో వారమో నాలుగో వారమో వచ్చేది. ప్రింట్లు తక్కువ, పెద్ద ఊళ్లలో ఆడి ఆడి గీతలు పడ్డాక, పాటల దగ్గర అతుకులు పడ్డాక మాకు దక్కేది. ఇప్పుడు హైదరాబాదులో ఏ రోజు పడితే రాయగడలోనూ అదే రోజు పడుతోంది. తాళం మీద నమ్మకం లేకపోతే ఏ నిర్మాతా మొదటి రోజునే కొండల మధ్య హాలుకు తన సినిమా పంపడు. పైగా బొమ్మలోనూ శబ్దంలోనూ కంటికీ చెవికీ అందని గుర్తు ఒకటి ఉంటుంది. ఎవడైనా సెల్ ఫోనుతో తెరను తీస్తే, ఆ కాపీని పరీక్షించి అది ఏ హాల్లో ఏ ఆటలో తీసినదో చెప్పగలరు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, అలా తీసినవాడికి మూడు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, మూడు లక్షల నుంచి సినిమా నిర్మాణ వ్యయంలో ఐదు శాతం దాకా జరిమానా పెట్టారు. ఆ గుర్తు వల్ల టిక్కెట్టు కొన్నవాడికి రవ్వంత ఇబ్బంది లేదు.

మా తాళానికీ మహేంద్రతనయ బాబు తాళానికీ ఉన్న తేడా నాకు ఇక్కడే కనబడుతోంది. మా చెవి రాకపోతే అర్ధరాత్రి అయినా ఎత్తే ఫోన్ నంబరు ఒకటి ఉంది, ఎందుకంటే మా ఆట ఆగితే వాళ్ల డబ్బు కూడా ఆగుతుంది. ఆ బాబు ఆట ఆగితే ఎవరి డబ్బూ ఆగలేదు, ముందే కట్టేశాడు.

వకాల్తా (బరంపురం):

చట్టం ఏమంటుందో చెబుతాను, ఎందుకంటే తాళం తీస్తే జైలే అన్న భయం చాలామందికి ఉంది. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 65ఎ సెక్షన్ వచ్చింది. హక్కులను ఉల్లంఘించాలన్న ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదించినవాడికి రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఇందులో ఉద్దేశం అన్న మాటే గుండెకాయ. అమెరికాలో 1998 నాటి చట్టం తాళాన్ని తెరవడాన్నే చాలావరకు తప్పుగా చూస్తుంది, మనది ఎందుకు తెరిచావని అడుగుతుంది. చట్టం ప్రత్యేకంగా నిషేధించని పనికోసం తెరిస్తే ఈ సెక్షన్ అడ్డురాదని అందులోనే రాశారు. సొంత వాడకానికి చేసే న్యాయమైన వినియోగాన్ని 52వ సెక్షన్ ఎలాగూ అనుమతిస్తుంది. కాబట్టి తాను డబ్బిచ్చి కొన్న పాఠాన్ని తన కొత్త బోర్డు మీద చూసుకోవడానికి తెరిచినవాడు నేరస్థుడు కాడని నా అభిప్రాయం.

చిక్కల్లా ఎక్కడంటే, తెరవడం చేతకానివాడు మరొకరి సాయం అడగాలి. అలా సాయం చేసినవాడు ఎవరికి చేశాడో వాళ్ల పేరు, చిరునామా, వివరాలన్నీ, ఏ పనికోసమో కూడా పూర్తిగా రాసి ఉంచాలని అదే సెక్షన్ చెబుతుంది. బస్టాండు పక్కన సెల్ ఫోన్లు బాగుచేసే అబ్బాయి ఇంత ఖాతాపుస్తకం రాస్తూ కూర్చుంటాడా అన్నది మీరే ఆలోచించండి.

అందువల్ల తాళం జోలికి పోకుండా వినియోగదారుల చట్టం దారిలో వెళ్లమంటాను. 2019 చట్టం వచ్చాక, అమ్మినవాడు ఎక్కడున్నా కొన్నవాడు తన సొంత జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, హైదరాబాదో విశాఖో తిరగనక్కరలేదు. ఐదు లక్షల లోపు విలువకు రుసుము కూడా లేదు. అంతకంటే ముందు వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, సగం తగవులు అక్కడే తేలతాయి. ఏకపక్షంగా రాసిన షరతులనే అన్యాయపు ఒప్పందమని సవాలు చేయాలంటే మాత్రం జిల్లాలో కుదరదు, కటక్‌లోని రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. 7,500 రూపాయల కోసం కటక్ దాకా వెళ్లమని నేను చెప్పను.

ఇంకొక సంగతి. డిజిటల్ సరుకు విషయంలో అమ్మకం అన్న మాటే మోసమని కాలిఫోర్నియా రాష్ట్రం గుర్తించింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ, కొనేవాడికి దక్కేది వస్తువు కాదు, వాడుకునే అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా కొనండి అన్న బొత్తాం పెట్టకూడదు. తాళం తీయమని ఆ చట్టం అనలేదు, తాళం ఉందని గుమ్మం బయటే చెప్పమంది. మహేంద్రతనయ గారికి రెండేసి చూపులని, పదిహేను రోజుల హాజరని డబ్బు కట్టకముందే చెప్పారా? చెప్పకపోతే మీ ఫిర్యాదులో మొదటి వాక్యం అదే కావాలి.

పాఠాల పంతులు (జయపురం):

నాగావళి గట్టు గారి లెక్కలన్నీ పెద్ద కంపెనీలవి. ఆపిల్ తాళం తీసినా తట్టుకుంటుంది. నాకు 31 మందిలో 27 మంది పోతే ఆ ఏడాది పిల్లల ఫీజులే కట్టలేకపోయాను. పాటల సంగతీ పాఠాల సంగతీ ఒకటి కూడా కాదు. నచ్చిన పాటను జనం మళ్లీ మళ్లీ వింటారు, గాయకుడి మీద అభిమానంతో కొంటారు. రైల్వే పరీక్ష పాఠాన్ని అభిమానంతో కొనేవాడు ఎవడుంటాడు? ఉద్యోగం వచ్చిన మర్నాడు దాని ముఖం చూడరు.

అయినా పాత ప్రొజెక్టరు గారు అన్న మాట దగ్గర ఆగిపోయాను. చెవికి గడువు ఉండే సంగతి. సినిమా తాళం మొదటి వారాల కోసం వేసినది, చెవికి గడువున్నట్టే భయానికీ గడువుంది. నేను మూడేళ్ల కిందటి పరీక్షకు చెప్పిన పాఠాలు ఇప్పటికీ తాళంలోనే ఉన్నాయి, వాటిని దొంగిలించేవాడూ లేడు, కొనేవాడూ లేడు. నా పాఠాలకూ రెండుసార్లే చూడాలన్న షరతు ఉంది, అది నేను పెట్టలేదు, తాళం కంపెనీ ప్రోగ్రాములో ముందే పెట్టి ఉంటే మార్చాలని నాకు తోచలేదు. నిన్న కూర్చుని చూశాను. చూపుల లెక్క తీసేయవచ్చు, రెండు కంప్యూటర్లకు అనుమతించవచ్చు. తీసేశాను, అనుమతించాను. ఫోన్ నంబరు తేలడం మాత్రం తీయను. అది పాత ప్రొజెక్టరు గారు చెప్పిన గుర్తు వంటిదే, నాది కాస్త మోటుగా ఉంది.

చెవితో చదివేవాణ్ణి (పర్లాకిమిడి):

నేను విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుణ్ణి. నీటికాసుల జబ్బుతో నాలుగేళ్ల కిందట చూపు పోయింది. ఫోనులో స్క్రీన్ రీడరు పెట్టుకుని అక్షరాలను వింటున్నాను. మీ చర్చలో కాపీ చేయడం, చేయకపోవడం గురించే మాట్లాడుతున్నారు. నాకు కాపీ అక్కరలేదు, చదవడమే కావాలి.

ఒక తెలుగు ఈ-పుస్తకం కొన్నాను. తెరను ఫోటో తీసుకోకుండా, అక్షరాలను ఎత్తుకోకుండా అమ్మినవారు కట్టుదిట్టం చేశారు. స్క్రీన్ రీడరు చేసే పని కూడా అక్షరాలను ఎత్తుకోవడమే కదా, తాళం దృష్టిలో దొంగకూ గుడ్డివాడికీ తేడా లేదు. పేజీ తిప్పిన ప్రతిసారీ నా ఫోను పేజీ అంకె ఒక్కటే చదివి ఊరుకుంది. నిజం చెప్పాలంటే తాళం లేని తెలుగు పుస్తకాల్లో కూడా చాలా భాగం నాకు పలకవు, ‘అను’ అనే పాత రకం ఫాంట్లలో కూర్చి బొమ్మల్లాగా ఎక్కించినవి అవి. ఆ పాపం తాళానిది కాదు.

వకాల్తా గారు చెప్పిన 2012 సవరణలోనే, వికలాంగులు చదువుకోవడానికి వీలైన రూపంలోకి ఏ పుస్తకాన్నయినా మార్చుకోవచ్చునని 52వ సెక్షన్‌లో చేర్చారు. 2013లో మరాకేష్‌లో కుదిరిన ఒప్పందం కూడా ఇందుకోసమే, దాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు 2014లో ఆమోదించిన దేశం మనదే. చట్టం నాకు హక్కు ఇచ్చింది గాని తాళానికి చట్టం చదవడం రాదు. క్వినైన్ మందు వల్ల చెవులు పోయినా గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే ఉండి సవరల మాటలు పోగుచేశారు. ఆయనకు చెవి లోపించినచోట తోటి మనుషులు సాయపడి ఉంటారు. నాకూ మా మనుమరాలు బడి నుంచి వచ్చాక రోజుకు పది పేజీలు చదివి పెడుతోంది. దానికి పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయి.

బస్టాండు పక్క దుకాణం (గుణుపురం):

వకాల్తా గారు నా వంటివాడి గురించే రాశారు కాబట్టి జవాబు చెబుతున్నాను. ఖాతాపుస్తకం నా దగ్గర లేదు, తాళాలు తీయడం నాకు రాదు కూడా. ఆ పని చేస్తామని డబ్బు పుచ్చుకునేవాళ్లలో చాలామంది చేసేది తెర ఎదురుగా రెండో ఫోను నిలబెట్టి రికార్డు చేయడమే, దానికి చదువు అక్కరలేదు. పాఠాలు బయటికి పోయేదీ ఎక్కువగా అలాగే, కాబట్టి తాళం ఎంత గట్టిదైనా కెమెరా అద్దం ముందర పనికిరాదు.

కొనేవాళ్లకు ఒక మాట. ఆ ప్రోగ్రాములు కంప్యూటరును గుర్తుపట్టేది మదర్‌బోర్డు, హార్డ్ డిస్కు నంబర్లను బట్టి. బోర్డు పూర్తిగా చావకముందే, నడుస్తూ ఆగుతూ ఉన్నప్పుడే, అందులోని యాక్టివేషన్ (ఆ కంప్యూటరుకు ఇచ్చిన అనుమతి) రద్దు చేసుకుని అప్పుడు బాగుకు ఇవ్వండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో పదిమందిలో ఒక్కరు కూడా ఇది చేసి రారు. విండోస్ మళ్లీ ఎక్కించినా కొన్ని ప్రోగ్రాములు కొత్త కంప్యూటరే అనుకుంటాయి.

మహేంద్రతనయ (కాశీనగరం):

పాత ప్రొజెక్టరు గారు నన్ను బాబు అన్నందుకు సంతోషం. వకాల్తా గారు చెప్పినట్టు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, డబ్బు కట్టకముందు షరతులు చూపలేదన్న మాటే మొదట రాయించాను. తొమ్మిదో రోజున సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. ఒక్కసారికి మాత్రం మినహాయింపుగా కొత్త బోర్డుకు అనుమతి ఇస్తామన్నారు, నేను నెట్ కోసం డాబా ఎక్కి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే అవతలివారు ఏదో నంబరు చెప్పారు, తెరుచుకుంది.

లోపలికి వెళ్లి చూస్తే అంకగణితంలో 23 పాఠాలకు ఒక్కో చూపు మిగిలి ఉంది. మిగతా వాటిలో చాలా వాటికి రెండు చూపులూ అయిపోయినట్టు చూపుతోంది, అవి నేను చూసినవేనో, బోర్డు కాలిపోయిన రాత్రి వేసిన లెక్కో తేల్చుకునే దారి లేదు. గడువు తేదీ కూడా జరపలేదు, బోర్డు లేక పోయిన రోజులన్నీ నా ఖాతాలోనే పడ్డాయి. మిగిలిన ఒక్కో చూపును జాగ్రత్తగా వాడుకుందామని, పాఠం నడుస్తుండగా ఆపి నోటు పుస్తకంలో లెక్క ఎక్కించుకుంటూ చూస్తున్నాను. ఆపి ఉంచిన నిమిషాలు కూడా చూపులోకి వస్తాయా అని సంస్థకు రాశాను. ఇవాళ్టికి ఆరో రోజు, జవాబు రాలేదు. ఈలోగా నాలుగో పాఠం సగంలో ఆగి ఉంది, ల్యాప్‌టాప్ కట్టేయలేదు.